ఇంట్లో కట్టిన కిట్ కారుకి రంగు వెయ్యడం: ఫైబర్ బాడీ నుంచి ఆఖరి పాలిష్ దాకా

"ఏ స్ప్రే గన్ కొనాలి? ఏ పెయింట్ మంచిది?" అని చాలామంది అడుగుతున్నారు. రెండూ చెబుతాను. కానీ రంగు చెడిపోయిన కిట్ కార్లు (విడిభాగాల సెట్టుగా కొని ఇంట్లో బిగించుకునే కార్లు) నేను చూసినంతవరకు ఎక్కువగా గన్ వల్లా చెడలేదు, పెయింట్ వల్లా చెడలేదు. వరస తప్పడం వల్ల చెడ్డాయి. బాడీ పూర్తిగా గట్టిపడకముందే ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) కొట్టేశారు. బెజ్జాలు వెయ్యకముందే రంగు వేసేశారు. కడగకముందే ఉప్పుకాగితం (పేపర్) పట్టారు. అందుకే ఇందులో సగానికి పైగా రంగు డబ్బా మూత తియ్యకముందు చెయ్యాల్సిన పనే ఉంటుంది.

ఇదంతా ఫైబర్ బాడీ గురించి, అంటే గాజు పోగులు, రెజిన్ అనే గట్టిపడే జిగురు కలిపి అచ్చులో చేసిన బాడీ. కోబ్రా అనే పాత స్పోర్ట్స్ కారు రెప్లికాలా బాడీ మొత్తం ఫైబర్ అయినా, లోటస్ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారు తరహాలో ముక్కు, మడ్‌గార్డులు మాత్రమే ఫైబర్ అయినా పద్ధతి ఒక్కటే. అల్యూమినియం రేకులుంటే వాటికి ఆ లోహానికి సరిపడే ప్రైమర్ వేరుగా వెయ్యాలి.

1. గన్ కంటే ముందు మాస్కు

హార్డ్‌నర్ కలిపి కొట్టే టూకే పెయింట్లలో, క్లియర్‌లో (రంగు మీద ఆఖరున కొట్టే పారదర్శకమైన మెరుపు పూత) ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఇవి ఊపిరితిత్తులకు ఒకసారి పడకుండా పోతే తర్వాత కొంచెం తగిలినా ఆస్తమా వస్తుంది. వాసన వస్తే తెలుస్తుందిలే అనుకోవద్దు. ప్రమాదకరమైన మోతాదులో ఉన్నా వాసన తెలియకపోవచ్చు. కాట్రిడ్జ్ మాస్కులో కార్బన్ ఎప్పుడు అయిపోయిందో కూడా మీకు తెలియదు.

మూసి ఉన్న గదిలో టూకే కొట్టాలంటే బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు కావాలి. చర్మం ద్వారా కూడా ఇది లోపలికి వెళుతుంది కాబట్టి ఒళ్లంతా కప్పే సూటు, నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. ఇవి సమకూర్చుకోలేకపోతే రంగుకి ముందు తయారీ అంతా మీరు చేసుకుని, గన్ పని మాత్రం బూత్ (రంగు కొట్టే ప్రత్యేక గది) ఉన్నవాళ్ల చేత చేయించండి. నా ఉద్దేశంలో అందులో చిన్నతనమేమీ లేదు. కారు అందం తయారీలోనే తేలిపోతుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు:

- ఫైబర్ రుద్దేటప్పుడు లేచే దుమ్ములో గాజు పోగులు ఉంటాయి. సన్నటి దుమ్మును ఆపే మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా వేసుకోండి. పని అయ్యాక ముందు చన్నీళ్లతో కడుక్కోండి.
- రెజిన్‌లో కలిపే పెరాక్సైడ్ హార్డ్‌నర్ ఒక్క చుక్క కంట్లో పడినా చూపు పోవచ్చు. దాన్ని కోబాల్ట్ యాక్సిలరేటర్‌తో నేరుగా ఎన్నడూ కలపకండి, పేలుతుంది. ముందు యాక్సిలరేటర్‌ను రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డ్‌నర్ వెయ్యాలి.

2. రంగు లేకుండా కారంతా ఒకసారి బిగించండి

నా మొదటి కారుకి రంగు వేశాక రోల్ బార్ (కారు బోల్తా పడితే కాపాడే పైపు చట్రం) బిగించాను. బెజ్జం ఎక్కడ పడుతుందో కొలిచే ఉంచుకున్నాను కాబట్టి భయమేముందిలే అనుకున్నాను. డ్రిల్ బిట్ జెల్‌కోట్‌లోకి (ఫైబర్ పైన ఉండే గట్టి రెజిన్ పొర) దిగగానే బెజ్జం చుట్టూ రూపాయి బిళ్లంత మేర క్లియర్ పొరలా లేచిపోయింది. ఆ ఒక్క మచ్చ కోసం వెనక భాగమంతా మళ్లీ రుద్ది మళ్లీ కొట్టాల్సి వచ్చింది.

అందుకని బాడీని ఛాసిస్ మీద కూర్చోబెట్టి, డోర్లు, బానెట్, డిక్కీ, లైట్లు, అద్దాలు, విండ్‌స్క్రీన్ ఫ్రేమ్, పెట్రోల్ మూత, సైలెన్సర్ పైపులు అన్నీ బిగించండి. వీలైతే సురక్షితమైన చోట కొంత దూరం నడిపి చూడండి. టైరు మడ్‌గార్డుకి తగులుతోందా, సైలెన్సర్ వేడికి బాడీ కమిలిపోతోందా అనేది అప్పుడే బయటపడుతుంది. రిజిస్ట్రేషన్ తనిఖీ ఉంటే దానిలో చూసే అంచులు, లైట్ల ఎత్తు లాంటివి కూడా ఈ దశలోనే సరిచూసుకోండి.

విప్పే ముందు చూసుకోవాల్సినవి:

- ప్రతి బెజ్జం వేసి, దాని అంచు నున్నగా రుద్దారా?
- ప్రతి బోల్టు కింద వెడల్పాటి వాషర్ ఉందా?
- డోరు, బానెట్ తెరిచినప్పుడు ఏ అంచూ దేనికీ రాసుకోవడం లేదు కదా?
- హింజుల స్థానాన్ని మార్కర్‌తో గీసి, ఫొటో తీసి పెట్టుకున్నారా?
- విప్పిన బోల్టులను ఏ భాగానివి ఆ కవర్లో వేసి పేరు రాశారా?

3. బాడీని ఎండలో వదిలెయ్యండి

అచ్చులోంచి కొత్తగా వచ్చిన ఫైబర్ చేతికి గట్టిగానే ఉంటుంది, కానీ లోపల రెజిన్ ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది. గట్టిపడే కొద్దీ కొంచెం ముడుచుకుంటుంది. మీరు అద్దంలా రుద్ది రంగు వేసిన తర్వాత ఈ ముడుచుకోవడం జరిగితే లోపలి గాజు నేత, అతుకు గీతలు పైకి అచ్చు గుద్దినట్టు కనిపిస్తాయి.

బాడీని ఛాసిస్‌కి బిగించే, కొన్ని వారాలు ఎండలో ఉంచండి. నేల మీద విడిగా పెట్టొద్దు, వంకర తిరిగి ఆ వంకరలోనే గట్టిపడుతుంది. డోర్లు కూడా వేసే ఉంచండి.

రంగు ఎంచుకునేటప్పుడు కూడా ఇది గుర్తు పెట్టుకోండి. నలుపు, ముదురు నీలం ఎండలో బాగా వేడెక్కుతాయి. ఆ వేడికి రెజిన్ మరింత కదిలి, మిగిలిపోయిన లోపాలన్నీ బయటపెడుతుంది. మొదటి కారైతే లేత రంగు, అదీ మెటాలిక్ కానిది ఎంచుకోమనే చెబుతాను.

4. ముందు కడగండి, తర్వాతే రుద్దండి

బాడీ అచ్చుకు అంటుకోకుండా తయారీదారు మైనం పూస్తాడు. అది బాడీ మీద కనిపించకుండా మిగిలి ఉంటుంది. కడగకుండా పేపర్ పట్టారంటే ఆ మైనాన్ని మీ చేత్తోనే గీతల్లోకి కూరినట్టు. తర్వాత రంగు కొట్టగానే చేపకళ్లలా గుంటలు పడతాయి.

వరస ఇదీ:

1. సబ్బు నీళ్లతో కడిగి ఆరనివ్వండి.
2. మైనం, గ్రీజు తీసే సాల్వెంట్‌ను ఒక గుడ్డతో రాసి, అది ఆరేలోపు ఇంకో పొడి గుడ్డతో తుడవండి. ఒకే గుడ్డతో రాసి తుడిస్తే మైనం చోటు మారుతుందే తప్ప పోదు.
3. గుడ్డ తిరగేస్తూ, ఎప్పటికప్పుడు మారుస్తూ మొత్తం రెండుసార్లు చెయ్యండి.
4. బాడీ మీద నీళ్లు చల్లండి. నీరు పలచగా పరుచుకుంటే సరే. ముత్యాల్లా విడిపోతే అక్కడ మైనం ఉన్నట్టే.

పాత రంగు ఉన్న బాడీ అయితే లోహానికి వాడే పెయింట్ రిమూవర్ పుయ్యకండి. అది ఫైబర్ రెజిన్‌ను కూడా తినేస్తుంది. రుద్దే తియ్యాలి.

5. అతుకులు, సూది బెజ్జాలు, నెర్రెలు

ఓపిక ఎక్కువ కావాల్సింది ఇక్కడే.

అతుకు గీతలు: అచ్చు ముక్కలు కలిసిన చోట బాడీ మీద సన్నటి గట్టులా గీత ఉంటుంది. గట్టు రుద్దేసి ఊరుకుంటే చాలదు. దాని కింద తరచూ గాలి ఖాళీలు ఉంటాయి. గీత వెంబడి వి ఆకారంలో తవ్వండి. ఖాళీ ఉన్నచోట జెల్‌కోట్ పెళుసుగా రాలిపోతుంది, రాలనివ్వండి. గట్టి ఫైబర్ తగిలేదాకా తవ్వి, పొట్టి గాజు పోగులు కలిసిన పుట్టీతో నింపండి. మామూలు పుట్టీ ఇక్కడ నిలవదు, కొన్నాళ్లకు గీత మళ్లీ తేలుతుంది.

సూది బెజ్జాలు: ఇవి చూడటానికి ఏమీ లేనట్టే ఉంటాయి. ప్రైమర్ వాటిని పూడుస్తుందని చాలామంది నమ్మకం. పూడ్చదు, పైన పొర కడుతుంది. లోపల చిక్కుకున్న గాలి, థిన్నర్ వేడికి వ్యాకోచించి రంగులో చిన్న రంధ్రంగా పేలతాయి. ప్రతి బెజ్జాన్నీ సన్నటి మొనతో గుచ్చి నోరు పెద్దది చెయ్యండి. సన్న పుట్టీని బ్లేడుతో గట్టిగా నొక్కుతూ ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా లాగండి. ఒకే వైపు లాగితే బెజ్జంలో ఒక మూల గాలి మిగిలిపోతుంది.

నక్షత్రం నెర్రెలు: సాలెగూడులా విచ్చుకున్న నెర్రె కనబడితే ముందు బాడీ వెనక వైపు చూడండి. అక్కడ బోల్టు బిగువు ఎక్కువై ఉంటుంది, లేదా ఆ చోట ఫైబర్ పలచగా ఉంటుంది. కారణం తియ్యకుండా పైన పుట్టీ పెడితే అదే నెర్రె మళ్లీ వస్తుంది. వెనక గరుకు చేసి రెండు పొరలు గాజు మ్యాట్, రెజిన్ వెయ్యండి. గట్టిపడ్డాక ముందు వైపు నెర్రె పొడవునా తవ్వి నింపండి.

ఒక జాగ్రత్త. గట్టిపడిన ఎపాక్సీ మీద పాలియెస్టర్ రెజిన్ సరిగా అంటుకోదు. పాలియెస్టర్ మీద ఎపాక్సీ మాత్రం బాగా పట్టుకుంటుంది. రిపేరు దేనితో మొదలుపెట్టారో దానితోనే ముగించండి.

6. డోరు సందులు

దూరం నుంచి చూసేవాళ్లకి కారు చేతికట్టుడో ఫ్యాక్టరీ పనో చెప్పేది ఈ సందులే. డోరు చుట్టూ సందు ఒకే వెడల్పులో పారాలి.

రంగుకి ముందు 5 మి.మీ. పెట్టుకోండి. ప్రైమర్, సర్ఫేసర్ (ప్రైమర్ మీద మందంగా కొట్టి నున్నగా రుద్దే పూత), రంగు, క్లియర్ అన్నీ కలిపి ఒక్కో అంచు మీద దాదాపు పావు మిల్లీమీటరు చేరుతుంది. రెండు అంచులకు అర మిల్లీమీటరు సందు తగ్గినట్టే.

పేపర్‌తో కలిపి 5 మి.మీ. మందం వచ్చేలా ఒక చెక్క పట్టీకి ఒక వైపు 80 నంబర్ (బాగా గరుకు) పేపర్ అంటించండి. డోరు మూసి సందులో పట్టీని ముందుకూ వెనక్కూ ఆడించండి. ఎక్కడ బిగుసుకుంటే అక్కడ ఎక్కువ ఉన్నట్టు. సందు మరీ వెడల్పుగా ఉన్నచోట డోరు అంచు మీద పోగుల పుట్టీ వేసి పెంచి, మళ్లీ అదే పట్టీతో సరిచెయ్యండి. ఈ పనంతా కారు తన నాలుగు టైర్ల మీద నిలబడి ఉన్నప్పుడే చెయ్యాలి. జాక్ మీద లేపిన కారుకి సరిచేసిన సందు, కిందికి దించగానే మారిపోతుంది.

7. పుట్టీ, సర్ఫేసర్, బ్లాకు

పుట్టీలో హార్డ్‌నర్ బరువులో 2 శాతం దగ్గర వెయ్యాలి. త్వరగా ఆరుతుందని ఎక్కువ వేస్తే మిగిలిన పెరాక్సైడ్ పైకి ఊరి, రంగులో పసుపు మచ్చగా తేలుతుంది. తక్కువైతే పుట్టీ మెత్తగా ఉండిపోయి పేపర్‌కి ముద్దలా అంటుకుంటుంది.

పుట్టీనీ, విప్పుకున్న ఫైబర్‌నూ నీళ్లతో రుద్దొద్దు. రెండూ నీళ్లు పీల్చుకుని తర్వాత బుడగలు తెస్తాయి. ప్రైమర్ పడేదాకా పొడిగానే రుద్దాలి. వాటర్ పేపర్ పని ఆ తర్వాతే.

పేపర్ వరస:

- పుట్టీకి ఆకారం తేవడానికి 80, ఆ గీతలు తియ్యడానికి 180
- ఎపాక్సీ ప్రైమర్ కొట్టడం
- మందంగా పట్టే టూకే సర్ఫేసర్ రెండు మూడు కోట్లు
- పొడవాటి బ్లాకుతో (పేపర్ చుట్టి పట్టుకునే చదునైన దిమ్మ) 240, తర్వాత 320
- అవసరమైతే మళ్లీ సర్ఫేసర్, మళ్లీ 320
- ఆఖరున 500 లేదా 600

సర్ఫేసర్ ఆరాక దాని మీద వేరే రంగు పొడి గానీ, పలచటి స్ప్రే గానీ చల్లండి. దీన్ని గైడ్ కోట్ అంటారు. బ్లాకు పట్టి ఏటవాలుగా ఒక వైపు, తర్వాత దానికి అడ్డంగా రెండో వైపు రుద్దండి. గుంట ఉన్నచోట గైడ్ కోట్ మచ్చగా మిగిలిపోతుంది. ఆ మచ్చ పోయేదాకా అక్కడే రుద్దాలనిపిస్తుంది. రుద్దారో గుంట ఇంకా పెద్దదవుతుంది. ఆపి, అక్కడ నింపి, మళ్లీ మొత్తం మీద బ్లాకు ఆడించాలి.

వేళ్లతో పేపర్ పట్టి రుద్దకండి. నాలుగు వేళ్ల కింద నాలుగు కాలువలు పడతాయి, క్లియర్ మెరుపులో అవి స్పష్టంగా కనిపిస్తాయి. కోబ్రా మడ్‌గార్డు లాంటి వంపులకు వంగే బ్లాకు వాడండి.

ఎక్కడ ఆపాలి? కంటి కంటే ముందు అరచేయి చెబుతుంది. పలచటి నూలు గుడ్డ అరచేతి కింద పెట్టి, కళ్లు మూసుకుని, మడ్‌గార్డు మీద ముందు నుంచి వెనక్కి మెల్లగా చెయ్యి జరపండి. గుడ్డ ఉంటే చర్మం అతుక్కోకుండా జారుతుంది, ఎగుడుదిగుడు బాగా తెలుస్తుంది. తర్వాత ప్యానెల్ మీద సాల్వెంట్ తుడిచి, అది తడిగా ఉన్న కొద్ది క్షణాల్లో ట్యూబ్‌లైటు ప్రతిబింబం చూడండి. డోరు నుంచి మడ్‌గార్డుకి వెళ్లేటప్పుడు ఆ వెలుగు గీత విరగకుండా పారుతుంటే బ్లాకు పక్కన పెట్టొచ్చు.

8. గది, గాలి, గన్

గదిని పాలిథిన్ షీట్లతో నాలుగు వైపులా కప్పి, ఒక వైపు గాలి వచ్చేచోట ఫిల్టర్, ఎదుటి వైపు గాలి పోయేచోట ఫిల్టర్, ఫ్యాన్ పెట్టండి. థిన్నర్ ఆవిరి అంటుకుంటుంది కాబట్టి నిప్పురవ్వ రాని రకం ఫ్యాన్ వాడాలి. గదిలో పొయ్యి, హీటర్ ఉండకూడదు. నేల తడపండి. లైట్లు పైన మాత్రమే కాకుండా నడుము ఎత్తులో పక్కల కూడా పెట్టండి. డోరు కింది భాగంలో రంగు పడిందో లేదో పైలైటులో తెలియదు.

ఫైబర్ స్టాటిక్ కరెంటు పట్టి ఉంచుకుని దుమ్మును లాగుతుంది. ఛాసిస్‌ను ఎర్త్ చెయ్యండి, బాడీని యాంటీస్టాటిక్ ద్రవంతో తుడవండి, చివరగా ట్యాక్ క్లాత్ (దుమ్ము పట్టే జిగట గుడ్డ) నొక్కకుండా తేలిగ్గా ఆడించండి.

కంప్రెషర్ నుంచి వచ్చే గాలి వేడిగా ఉంటుంది, అందులో నీరు ఆవిరిగా ఉండి ఫిల్టర్‌ను దాటిపోతుంది. ఫిల్టర్‌ను కంప్రెషర్ పక్కనే కాకుండా, పైపులో గాలి చల్లబడ్డాక గన్ వైపు బిగించండి.

ఇక గన్. రంగుకి, క్లియర్‌కి 1.3 లేదా 1.4 మి.మీ. నాజిల్, సర్ఫేసర్‌కి 1.7 నుంచి 2 మి.మీ. ఒకే గన్‌తో రెండు పనులూ చెయ్యకుండా, సర్ఫేసర్‌కి తక్కువ రకం గన్ వేరే పెట్టుకోండి. కొనే ముందు గన్‌కి ఎంత గాలి కావాలో, మీ కంప్రెషర్ నిలకడగా ఎంత ఇస్తుందో సరిపోల్చండి. గన్ ఎంత మంచిదైనా గాలి చాలకపోతే రంగు తుంపరలుగా పడుతుంది.

9. రంగు కొట్టే రోజు

20 నుంచి 25 డిగ్రీల మధ్య, గాలిలో తేమ తక్కువ ఉన్న రోజు చూసుకోండి. వేడి ఎక్కువైతే నెమ్మదిగా ఆరే థిన్నర్ తీసుకోండి. కలిపే పాళ్లు, కోటుకీ కోటుకీ మధ్య ఆగాల్సిన సమయం డబ్బాతో వచ్చే కాగితం మీద ఉంటాయి. హార్డ్‌నర్, క్లియర్ ఒకే కంపెనీవి, ఒకే వరసవి వాడండి.

1. ముందు డోరు లోపలి అంచులు, బానెట్ కింది అంచులు కొట్టండి.
2. మెటాలిక్ అయితే డోర్లు, బానెట్ కారుకి ఎలా ఉంటాయో అలాగే నిలబెట్టి, అన్నీ ఒకే పూట కొట్టండి. పడుకోబెట్టి కొట్టిన బానెట్, నిలబెట్టి కొట్టిన డోరు పక్కపక్కన పెడితే రెండు రంగుల్లా కనిపిస్తాయి.
3. గన్ 15 నుంచి 20 సెం.మీ. దూరంలో, ప్యానెల్‌కి నేరుగా ఉండాలి. మణికట్టు తిప్పకండి, మనిషే జరగాలి.
4. ట్రిగ్గర్ ప్యానెల్ బయటే నొక్కి, బయటే వదలండి. ఒక వరస మీద రెండో వరస సగం కప్పాలి. మెటాలిక్‌కి ముప్పావు వంతు కప్పాలి.
5. కింది పొర కనిపించకుండా పోయేదాకా బేస్ కోట్లు (రంగు పొరలు), ఆ తర్వాత రెండు లేదా మూడు తడి కోట్లు క్లియర్.

ఫైబర్ మీద మామూలు మందం కొలిచే మీటర్లు పని చెయ్యవు, వాటికి కింద లోహం కావాలి. అందుకని ఒక చిన్న ఇనుప రేకును కారు పక్కన వేలాడదీసి, ప్రతి కోటూ దానికీ కొట్టండి. తర్వాత ఆ రేకు మీద కొలిస్తే కారు మీద ఎంత ఉందో అంచనా దొరుకుతుంది. పాలిష్ చేసేటప్పుడు ఈ అంకె మీకు ధైర్యమిస్తుంది.

చారలు వెయ్యాలంటే క్లియర్ కంటే ముందే, బేస్ కోటు దశలోనే వెయ్యండి. అప్పుడు చార అంచు చేతికి తగలదు. ముక్కు నుంచి డిక్కీ దాకా దారం లాగి మధ్య గీత పట్టుకోండి. అచ్చు బాడీలు రెండు పక్కలా అచ్చంగా ఒకేలా ఉండవు కాబట్టి కొలతను మాత్రమే నమ్మొద్దు. టేపు అంటించాక పది అడుగులు వెనక్కి వెళ్లి, కాస్త వంగి, బానెట్ ఎత్తులో చూడండి. కంటికి వంకరగా ఉంటే కొలత పక్కన పెట్టి కంటి మాట వినండి.

10. తప్పు జరిగితే

- చేపకళ్లు: మైనం, నూనె లేదా సిలికాన్ మిగిలింది. కోటు మీద కోటు కొడితే పోవు. ఆరనిచ్చి, రుద్ది, కడిగి మళ్లీ మొదలుపెట్టండి.
- కారిన రంగు: తడిగా ఉన్నప్పుడు ముట్టుకోవద్దు. పూర్తిగా గట్టిపడ్డాక చిన్న గట్టి బ్లాకు మీద 1000 పేపర్‌తో కారిన గట్టును మాత్రమే రుద్దండి.
- నారింజ తొక్క (పైభాగం ఆ తొక్కలా ఎగుడుదిగుడుగా ఉండటం): గన్ దూరంగా ఉంది, గాలి తక్కువైంది, లేదా థిన్నర్ త్వరగా ఆరిపోయింది. క్లియర్‌లో అయితే కట్ పాలిష్‌తో పోతుంది.
- గరుకుగా పొడి పొడిగా పడటం: గన్ దూరం తగ్గించండి, చెయ్యి వేగం తగ్గించండి.
- చిన్న చిన్న పేలుళ్లు: కోటు ఆరకముందే తర్వాతి కోటు పడింది, లేదా కింద సూది బెజ్జాలున్నాయి. ఒకే చోట గుంపుగా ఉంటే బెజ్జాలనే అనుమానించండి.

11. పాలిష్, మళ్లీ బిగింపు

త్వరగా గట్టిపడాలని హీటర్ దగ్గరగా పెట్టకండి. ఎక్కువ వేడికి ఫైబర్ మెత్తబడి ఒంగుతుంది. క్లియర్‌కి దాని కాగితం చెప్పినంత సమయం ఇవ్వండి.

అంచుల మీద క్లియర్ పలచగా ఉంటుంది, అక్కడ ముందే టేపు అంటించండి. 1500 వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 2000, 3000 దాకా వెళ్లి, తర్వాత కంపౌండ్, మెత్తటి ప్యాడ్. మెషిన్ ఒకే చోట ఆపకండి. ఫైబర్ వేడిని లోహంలా పంచదు, క్షణాల్లో రంగు కాలుతుంది. మధ్యమధ్యలో చేత్తో తాకి చూడండి. గోరువెచ్చన దాటితే వేరే చోటికి జరగండి.

బిగించేటప్పుడు డోరు అంచులకు రెండు పొరల టేపు వేసి, ఇద్దరు మనుషులు పట్టుకోండి. మొదట గీసిన హింజు గుర్తుల మీదే కూర్చోబెట్టండి. బోల్టులు వాషర్ కదలకుండా ఉండేంతే బిగించాలి. ఇంకా తిప్పితే నక్షత్రం నెర్రె మళ్లీ వచ్చేది అక్కడే. మైనం పాలిష్‌కి ఒకటి రెండు నెలలు ఆగండి, ఈలోగా కొత్త రంగు లోపలి థిన్నర్ బయటికి పోవాలి.

మిగిలిన బేస్ రంగును గాలి చొరని చిన్న గాజు సీసాలో నిండుగా పోసి, రంగు కోడ్, తేదీ, థిన్నర్ పాళ్లు రాసి, ఆ ఇనుప రేకుతో కలిపి పెట్టుకోండి. మొదటి రాయి దెబ్బ తగిలిన రోజు రంగు సరిపోయిందో లేదో ముందు ఆ రేకు మీదే వేసి చూడొచ్చు.